అడిగింది ఒకటి, అంటగట్టింది వంద

యూరియా కట్ట 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. సంచి మీదే అచ్చేసి ఉంటుంది. అయినా పత్తికీ మిర్చికీ పైపాటు ఎరువు వేసే అదునులో, చిలకలూరిపేట పరిసరాల్లో ఎరువుల కొట్టుకు వెళ్లిన రైతుకు ఆ లెక్క ఒక్కటీ సరిపోదు.

"బాబాయ్, రెండు కట్టలు యూరియా కావాల."

"ఉంది అబ్బాయ్. కాకపోతే దాంతో పాటు ఈ నానో సీసా ఒకటి, ఈ గుళికల ప్యాకెట్టు ఒకటి తీసుకోవాల."

"గుళికలు పోయిన వారమే ఏశాం గదా. మళ్లీ ఎందుకు?"

"లింకు. పైనుంచే అట్టా వచ్చింది. నన్నేం చేయమంటావ్?"

2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ ఉత్తరం రాశారు. యూరియా, డీఏపీ లాంటి సబ్సిడీ ఎరువులతో నానో ఎరువులనూ బయోస్టిమ్యులెంట్లనూ బలవంతంగా అంటగట్టడం ఆపించమని అందులో కోరారు. ఆ ఉత్తరం ఏపాటి పని చేసిందో కొట్ల ముందు క్యూలనే అడగాలి. అయినా తప్పును తప్పని ఓ మంత్రి కాగితం మీద పెట్టారు. లైనక్స్ వాడేవాడికి ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. అక్కడ ఇదే అంటగట్టుడికి డిపెండెన్సీ అని మర్యాదైన పేరు పెట్టి, నిబంధనల పుస్తకంలో రాసుకుని, మన తరఫున 'సరే' కూడా వాళ్లే కొట్టి ఇస్తారు.

పేటలో ఓ మిర్చి కమీషన్ వ్యాపారి కొడుకు ఉన్నాడనుకుందాం. కోల్డ్ స్టోరేజీలో ఉన్న తేజా రకం టిక్కీలు నాలుగు విప్పించి వీడియో తీశాడు. పార్టీకి పంపాలంటే ఫైలు మరీ పెద్దదైంది. విండోస్‌ను మోయలేక మొరాయించిన పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లైనక్స్ వేసుకున్నాడు కాబట్టి, ఎవరో చెప్తే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే పనిముట్టు కావాలని, ప్యాకేజీలు దించిపెట్టే ఆప్ట్‌ను అడిగాడు. వాడికి కావలసిన పని ఒక్కటే: వీడియో సైజు తగ్గాలి.

ఆప్ట్‌కు నోరుంటే ఇలా మాట్లాడేది:

"ఉంది బాబూ. దాంతో పాటు ఫైర్‌వైర్ కెమెరాల లైబ్రరీ ఒకటి తీసుకోవాలి."

"ఫైర్‌వైరా? ఈ ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రమే లేదండీ."

"లేకపోయినా తీసుకోవాలి. యూరప్ టీవీల్లో టెలిటెక్స్ట్ చదివే లైబ్రరీ కూడా ఉంది. పాత వీడియో గేముల సంగీతం వాయించేది, వీడియోను రంగురంగుల అక్షరాలుగా మార్చి నల్ల తెర మీద చూపించేది, ఇంగ్లిష్ గొంతుతో చదివి వినిపించేది, మాట విని అక్షరాలు రాసేది, హామ్ రేడియోవాళ్ల కోసం గొంతును నొక్కి పంపేది..."

"అయ్యా, నేను పంపేది మిరపకాయల వీడియో. వాటికి గొంతు ఉండదు."

"...సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకునే రాబిట్‌ఎంక్యూ, జీరోఎంక్యూ. బ్లూరే డిస్కులకొకటి, సీడీలకొకటి. మొత్తం డౌన్‌లోడ్ ఇంత, డిస్కులో పట్టే చోటు ఇంత. కొనసాగించమంటారా?"

నేనేమీ కల్పించలేదు. డెబియన్ 12లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ఊరికే పిలిచి చూడండి. పని మొదలెట్టక ముందే చాంతాడంత కాన్ఫిగరేషన్ వరస ఒకటి తెర మీద పడుతుంది. 'ఎనేబుల్, ఎనేబుల్' అంటూ సాగే ఆ వరసలో పైన చెప్పిన సరుకంతా పేరుపేరునా ఉంటుంది. కొత్తగా, బోడిగా వేసుకున్న సిస్టమ్‌లో అయితే ఈ ఒక్క కోరికకు వచ్చిపడే ప్యాకేజీలు వంద దాటిపోతాయి. ఎఫ్‌ఎఫ్‌ప్లే అని వీడియో చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి కూడా అదే ప్యాకేజీలో ఉంది. దానికి కిటికీ తెరిచేందుకు ఎస్‌డీఎల్ కావాలి, ఎస్‌డీఎల్‌కు తెర మీద బొమ్మ గీసేవీ స్పీకర్లో చప్పుడు చేసేవీ కావాలి. మానిటరూ స్పీకరూ లేని సర్వర్‌లో వేసుకున్నా ఇవన్నీ వస్తాయి.

ఎవరైనా ప్రశ్నిస్తే కొట్టు బాబాయి చెప్పిన జవాబే వస్తుంది: పైనుంచే అట్టా వచ్చింది.

రాలేదు. అక్కడే ఉంది అసలు కిటుకు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రాసినవాళ్లు ఇచ్చే సోర్సులో ఈ స్విచ్చుల్లో చాలావరకు ఆపేసే ఉంటాయి. కావలసినవాడు కావలసింది వేసుకుని కంపైల్ చేసుకోవచ్చు. వాటన్నిటినీ టకటకా వేసి, కంపైల్ చేసి, తయారు సరుకుగా మన నెత్తిన పెట్టింది ప్యాకేజీ కట్టిన మహానుభావుడు. పైనుంచి వచ్చింది యూరియా మాత్రమే. లింకు పెట్టింది మధ్యలోవాళ్లు.

ఒకసారి లింకు పెట్టాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. తయారైన బైనరీ లోపల 'నాకు ఫలానా లైబ్రరీలు ఉండాల్సిందే' అని ఒక జాబితా అచ్చవుతుంది. మీరు ఆ ఫీచర్ జన్మలో వాడకపోయినా సరే, ప్రోగ్రామ్ లేచేటప్పుడు ఆ జాబితాలో ఒక్కటి కనిపించకపోతే లేవనే లేవదు. డెబియన్‌లో డీపీకేజీ-ష్‌లిబ్‌డెప్స్ అనే పనిముట్టు ఆ జాబితా చదివి, డిపెండెన్సీల పట్టికను దానంతట అదే రాసేస్తుంది. నిజానికి ఆ పనిముట్టుకు మనుషులకున్నంత మొహమాటం లేదు. 'ఈ లైబ్రరీలో నువ్వు ఒక్క ఫంక్షన్ కూడా వాడట్లేదు, ఊరికే తగిలించావు, తీసేస్తే ఓ పనికిరాని డిపెండెన్సీ తప్పుతుంది' అని బిల్డ్ లాగ్‌లో హెచ్చరిస్తుంది. ఆ లాగులు చదివేదెవరు? వాడని లైబ్రరీని లింకర్ దగ్గరే వదిలేయించే 'యాజ్-నీడెడ్' అనే మాట ఒకటుంది. ఉబుంటు అనే ఇంకో లైనక్స్‌వాళ్లు 2011లోనే దాన్ని డీఫాల్ట్ చేశారు. అంటే మందు లేని జబ్బేమీ కాదిది.

ఇదంతా 'డిపెండ్స్', అంటే తప్పనిసరి సరుకు. దీని తర్వాత 'రికమెండ్స్' అనే రెండో వరస ఉంది. పేరు చూసి సలహా అనుకునేరు. 2009 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 5.0 లెన్నీ నుంచి ఆప్ట్ ఈ సలహాలను కూడా అడక్కుండానే దించేస్తోంది. నిబంధనల పుస్తకం ప్రకారం, అసాధారణమైన సందర్భాల్లో తప్ప మిగతా అన్నిచోట్లా కలిసి ఉండాల్సిన ప్యాకేజీలనే రికమెండ్స్‌లో పెట్టాలి. ఆ లెక్కన రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని సాఫ్ట్‌వేర్ దించుకునే పేట కుర్రాడు అసాధారణుడన్నమాట. సంతోషం, ఎవరో ఒకరు గుర్తించారు.

ఈ సలహాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈమాక్స్ గొడవ. ఈమాక్స్ అంటే అక్షరాలు టైపు చేసుకునే ఎడిటర్. గణపవరం స్పిన్నింగ్ మిల్లులో గుమాస్తా ఒకాయన నూలు బేళ్ల లెక్క రాసుకుందామని ఉబుంటులో దాన్ని ఇన్‌స్టాల్ చేయబోతాడు. ఉన్నట్టుండి వంగపండు రంగు తెర ఒకటి అడ్డొచ్చి 'మీ మెయిల్ సర్వర్ ఏ రకం?' అని నిలదీస్తుంది. ఇంటర్నెట్ సైటా? స్మార్ట్‌హోస్ట్‌తో ఇంటర్నెట్టా? శాటిలైట్ సిస్టమా? లోకల్ మాత్రమేనా? ఏదో ఒకటి చెప్పందే కదలదు. ఎడిటర్ మెయిల్ పనిముట్లను సిఫారసు చేస్తే, అవి పోస్ట్‌ఫిక్స్ అనే పూర్తి స్థాయి మెయిల్ సర్వర్‌ను వెంటేసుకొచ్చాయి. లక్షల ఉత్తరాలను మోయగల యంత్రం అది. మిల్లు గుమాస్తా శాటిలైట్ సిస్టమ్ కాడన్న సంగతి గణపవరంలో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. ఉబుంటుకే అనుమానం.

పైథాన్‌లో చిన్న లైబ్రరీ తెచ్చుకునే పిప్ సంగతీ అంతే. డెబియన్‌లో దాన్ని అడిగితే బిల్డ్-ఎసెన్షియల్‌ను సిఫారసు చేస్తుంది. సీ కంపైలర్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్, మేక్, వాటితో పాటు డెబియన్ ప్యాకేజీలు కట్టుకునే పనిముట్లు కూడా దిగుతాయి. పిప్‌తో కొన్ని లైబ్రరీలను మన యంత్రంలోనే కంపైల్ చేయాల్సి వస్తుందన్నది వాళ్ల వాదన. నిజమే, కొన్నింటికి. ఆ కొన్ని వచ్చినప్పుడు చూసుకుంటాం కదా, నాయనా!

ఇక లెక్కల యంత్రం కథ. 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 18.04లో కాలిక్యులేటర్‌ను స్నాప్‌గా ఇచ్చారు. స్నాప్ అంటే ప్రోగ్రామ్‌కు కావలసిన సరంజామాను దాంతోనే కట్టిచ్చే పద్ధతి. ఆ కూడికల తీసివేతల పరికరం పక్కన గ్నోమ్ డెస్క్‌టాప్ సరంజామా మూట ఇంకోటి ఉంటే తప్ప అది లేవదు. నొక్కిన తర్వాత తెరుచుకోవడానికి పట్టే సమయంలో పత్తి క్వింటాలు రేటును బేరగాడు నోటి లెక్కతో తేల్చేసి చెక్కు రాయించుకు పోతాడు. జనం గోల చేశాక తర్వాతి వెర్షన్లలో దాన్ని మామూలు ప్యాకేజీగా వెనక్కి తెచ్చారు. గోల చేస్తే పని జరుగుతుందనడానికి ఇదొక్కటి ఆధారం.

ఒకసారి లోపలికి వచ్చిన సరుకును బయటికి పంపడం ఇంకో ప్రహసనం. 'ఆటోరిమూవ్' అని ఒకటుంది, పేరు వింటే ఊరట కలుగుతుంది. ఈమాక్స్‌ను తీసేసి దాన్ని నడిపారనుకోండి. సిస్టమ్‌లో మిగిలిన ప్యాకేజీల్లో ఏ ఒక్కటైనా ఆ సరుకును సిఫారసు చేస్తూ ఉంటే అది కదలదు. సిఫారసు దాకా ఎందుకు, 'ఉంటే బాగుంటుంది' అని ఎవరైనా ఓ మూల గొణిగినా, అంటే 'సజెస్ట్స్' వరసలో ఉన్నా, ఆప్ట్ డీఫాల్ట్‌గా దాన్ని ముట్టుకోదు. రావడానికి ఒకడి సిఫారసు చాలు, పోవడానికి ఊరందరి అంగీకారం కావాలి.

ఈ పాటికి ఓ పెద్దమనిషి లేచి ఉంటాడు. 'డిస్కు చవకైపోయింది, నాలుగు ఎంబీలు ఎక్కువైతే కొంపలేం మునుగుతాయి?' అంటాడు. ఆయనకు కొంప మునగబోయిన సంగతే చెప్పాలి.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక ప్రకటన చేశాడు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పని. తన డెబియన్ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ కావడానికి మునుపటికన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఆ అర సెకను ఎక్కడ పోతోందో తవ్వుకుంటూ వెళ్లాడు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు బయటపడింది. జియా తాన్ అనే పేరుతో ఒకడు రెండేళ్లకు పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి, అసలు నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, ఈ తలుపు అమర్చాడు. తాళం చెవి ఉన్నవాడు ఆ తలుపున్న ఏ సర్వర్‌లోకైనా నడిచి వెళ్లేలా ఉంది వ్యవహారం. ప్రమాద తీవ్రతకు పదికి పది మార్కులు వేశారు.

సరే, ఫైళ్లు కుదించే లైబ్రరీకీ సర్వర్ల ముఖద్వారమైన ఎస్‌ఎస్‌హెచ్‌కీ సంబంధమేమిటి? ఏమీ లేదు. ఓపెన్‌బీఎస్‌డీవాళ్లు రాసిన అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ లైబ్రరీ ఊసే లేదు. డెబియన్, ఫెడోరా ప్యాకేజీలు కట్టేవాళ్లు దానికో అతుకు వేశారు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లేచి నిలబడగానే సర్వీసులను లేపి నడిపే సిస్టమ్‌డీకి 'రెడీ=1' అని ఒక్క ముక్క చెప్పాలి. దానికి చిన్న సాకెట్ తెరిచి నాలుగు వరసల కోడ్ రాస్తే సరిపోయేది. అలా రాయకుండా లిబ్‌సిస్టమ్‌డీ అనే పెద్ద లైబ్రరీని మొత్తంగా లింకు చేశారు. ఆ లైబ్రరీ తన లాగ్ ఫైళ్లను కుదించుకోవడానికి ఎక్స్‌జెడ్ లైబ్రరీ అయిన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను లింకు చేసుకుంది. ఆ లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ లోపల కూర్చున్నాడు దొంగ. నానో సీసా మూత తీస్తే పురుగుమందు వచ్చినట్టయింది.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఆ దొంగ కోడ్ ఎక్కడ పడితే అక్కడ నిద్ర లేవదు. డెబ్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతున్నప్పుడే మేల్కొనేలా దాన్ని రాశారు. అనవసరమైన లింకులు ఎవరి కొట్లో దొరుకుతాయో వాడికి ముందే తెలుసు. ఆర్చ్ లైనక్స్ కూడా ఆ చెడ్డ ఎక్స్‌జెడ్ వెర్షన్‌ను పంచింది. కానీ వాళ్ల ఎస్‌ఎస్‌హెచ్‌కు లిబ్‌సిస్టమ్‌డీ అతుకు లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఏ గొప్ప భద్రతా వ్యవస్థా వాళ్లను కాపాడలేదు, అక్కర్లేనిది తగిలించకపోవడమే కాపాడింది. డెబియన్‌లో అది టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల దాకా వచ్చి, స్టేబుల్‌కు చేరకముందే పట్టుబడింది కాబట్టి మనం ఇలా కూర్చుని వ్యంగ్యాలు రాసుకుంటున్నాం.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256లో కుదింపు లైబ్రరీలను అవసరం పడినప్పుడే తెచ్చుకునేలా మార్చారు. జులై 1న వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ 'రెడీ' కబురు చెప్పే కోడ్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌వాళ్లే సొంతంగా రాసేశారు, లిబ్‌సిస్టమ్‌డీ అక్కర్లేకుండానే. ఏళ్ల తరబడి 'తప్పనిసరి' అనిపించుకున్న డిపెండెన్సీ, కొంప అంటుకోబోయాక మూడు నెలల్లో తప్పిపోయింది. తప్పనిసరి అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ప్యాకేజీలు కట్టేవాళ్లను ఇంతసేపు ఉతికాను కాబట్టి వాళ్ల వైపు గోడు కూడా చెప్పాలి. వాళ్లలో చాలామంది జీతం లేకుండా పనిచేసేవాళ్లు. డెబియన్ 13లో ఉన్న ప్యాకేజీలు 69,830. ఒక స్విచ్చు ఆపేస్తే మర్నాడే ఎవడో ఒకడు 'నా ఫైర్‌వైర్ కెమెరా పనిచేయట్లేదు, మీకు బుద్ధుందా' అని బగ్ రాస్తాడు. స్విచ్చు వేసి ఉంచితే ఎవడూ రాయడు. మిర్చి వ్యాపారి కొడుక్కి బగ్ రాయడం తెలియదు. నోరున్నవాడి కోసం నోరులేనివాడి నెత్తిన మూట పెట్టడం ఇలాగే మొదలవుతుంది.

తగ్గిద్దామని చూసినవాడికి దక్కిన సత్కారమూ ఉంది. 2024 మేలో డెబియన్‌లో కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ భోషాణాన్ని కట్టే నిర్వాహకుడు నెట్‌వర్క్, బ్రౌజర్ కలయికల్లాంటివన్నీ కత్తిరించి సాదా ప్యాకేజీ కట్టాడు. పూర్తి సరుకు కావాలంటే 'ఫుల్' అనే పేరుతో ఇంకోటి పెట్టాడు. పాస్‌వర్డులు దాచే పెట్టెకు కిటికీలు ఎన్ని తక్కువైతే అంత మంచిదన్నది ఆయన వాదన. వాడుకరులు గగ్గోలు పెట్టారు, రాసినవాళ్లు మండిపడ్డారు. కత్తిరించడం సబబేనని నా తీర్పు. కాకపోతే పాత పేరుకు కత్తిరించిన సరుకు తగిలించి, అప్‌డేట్ పేరుతో ఉన్న ఫీచర్లు ఊడబెరకడం తప్పు. సాదా దానికే కొత్త పేరు పెట్టి ఉంటే సగం గొడవ పుట్టేదే కాదు.

పేరులో నిజాయితీ ఎలా ఉంటుందో డెబియన్‌లోనే చూడొచ్చు. ఫాంట్స్-ఇండిక్ అడిగితే బెంగాలీ నుంచి తెలుగు దాకా భారతీయ లిపులన్నీ దిగుతాయి. ఎవరూ తప్పు పట్టరు, పేరులోనే చెప్పాడు. తెలుగు ఒక్కటే చాలనుకుంటే ఫాంట్స్-తెలు వేరేగా ఉంది. లిబ్రేఆఫీస్ మొత్తం అడిగితే డేటాబేస్ సహా ఊరంతా వస్తుంది, ఉత్తరం టైపు చేసుకునేవాడు లిబ్రేఆఫీస్-రైటర్ ఒక్కటే అడగొచ్చు. ఆర్చ్‌లో ఐచ్ఛిక డిపెండెన్సీలు ఒక్కొక్కటీ ఎందుకో రాసి చూపించి, నిర్ణయం మనకు వదిలేస్తారు. (ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దగ్గరికొచ్చేసరికి వాళ్లూ శుద్ధపూసలేం కాదు.) జెంటూలో ఏ స్విచ్చు వేయాలో వాడేవాడే చెప్పుకుంటాడు, బదులుగా కంపైల్ అయ్యేదాకా కాచుకుని కూర్చుంటాడు. ఇన్ని దారులుండగా ఎఫ్‌ఎఫ్‌ప్లేను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నుంచి విడదీసి వేరే ప్యాకేజీ కట్టడం అసాధ్యమంటే నేను నమ్మను.

హైదరాబాదులోనో బెంగళూరులోనో, సముద్రాలవతలో కూర్చుని ప్యాకేజీలు కట్టే తెలుగువాళ్లకు ఒక విన్నపం. సరుకు బయటికి వదిలేముందు ఎల్‌డీడీ ఒకసారి నడిపి, వచ్చిన జాబితాలో ఒక్కో లైబ్రరీ ఎందుకుందో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేని దాన్ని తీసేయండి. ఎవరో కొందరికే పనికొచ్చేదైతే వేరే ప్యాకేజీలో పెట్టండి.

వాడేవాళ్లకు ఒక మాట. ఆప్ట్ కాన్ఫిగరేషన్‌లో ఇన్‌స్టాల్-రికమెండ్స్‌ను ఫాల్స్ చేయండి. ఫెడోరా అయితే డీఎన్‌ఎఫ్‌లో ఇన్‌స్టాల్-వీక్-డెప్స్‌ను ఫాల్స్ చేయాలి. సిఫారసుల బెడద అక్కడితో ఆగుతుంది. దానివల్ల ఏదైనా పనిచేయకపోతే ముందు మీరు ఆపిన సిఫారసుల జాబితా చూసుకోండి, నిర్వాహకుడి మీద విరుచుకుపడకండి. తప్పనిసరి డిపెండెన్సీలను మాత్రం ఈ మీట ఆపలేదు, వాటికి బగ్ రిపోర్టే మందు. ప్యాకేజీ పేరు, అక్కర్లేని లైబ్రరీ పేరు, అది తీసేస్తే పోయే ఫీచర్ పేరు రాయండి. తిట్లు రాయొద్దు. ఆ పని మీ అందరి తరఫునా ఇక్కడ నేను చేసేశాను.